గ్రంథి, గ్రంథం, మధ్యలో కాఫీ

(గ్రంథాలయ వారోత్సవాల్లో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. లైబ్రేరియన్ గారు నన్ను పిలిచినప్పుడు "పుస్తక పఠనం, ప్రయోజనాలు" అని టాపిక్ ఇచ్చారు. ఆ పేరుతో మాట్లాడటానికి నేను టీచర్ని కాను, రచయిత్రిని అంతకంటే కాను. ముప్పై ఏళ్లు బ్యాంకులో పనిచేశాను, అందులో సగం క్యాష్ కౌంటర్లోనే గడిచింది. నాకు తెలిసిన పఠనం ఒకటే రకం. పొద్దున ఐదింటికి థైరాయిడ్ మాత్ర వేసుకుని, వెంటనే కాఫీ తాగడానికి వీల్లేక, ఆ గంటసేపూ ఏం చేయాలో తోచక మొదలుపెట్టిన పఠనం. "దాని గురించి అయితే చెప్తానండీ" అన్నాను. ఆయన ఒక్క నిమిషం ఆలోచించి సరే అన్నారు. కాబట్టి ప్రయోజనాలు ఏమైనా తక్కువైతే నన్ను అనుకోకండి.

ముందు ఒక మాట సరిచేసుకుందాం. "మీకు థైరాయిడ్ ఉందా అండీ?" అని అడుగుతుంటారు. ఉందండీ. మీకూ ఉంది. లేకపోతే కష్టం. (నవ్వులు) మెడ ముందు భాగంలో సీతాకోకచిలుక ఆకారంలో ఉండే గ్రంథి అది. పట్టుమని పాతిక గ్రాములు కూడా తూగదు. ఒంట్లో ప్రతి పనీ ఏ వేగంతో నడవాలో అది చేసే హార్మోన్ చూసుకుంటుంది. నాది ఆ హార్మోన్ సరిపడా చేయదు. అంతే నా జబ్బు. హైపోథైరాయిడిజం అని పెద్ద పేరు.

తేలింది 2012లో. తేలక ముందు రెండేళ్లు ఎలా గడిచాయో చెప్తాను, ఎందుకంటే ఇక్కడ కూర్చున్న ఆడవాళ్లలో ఎవరో ఒకరు ఇప్పుడు ఆ రెండేళ్లలోనే ఉండి ఉండొచ్చు.

మే నెల. మన తెనాలి ఎండలు మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఇంట్లో అందరూ ఫ్యాను కింద దొర్లుతుంటే నేను దుప్పటి కప్పుకుని ఓ మూలకి పడుకునేదాన్ని. రాత్రి తొమ్మిదింటికి పడుకుంటే పొద్దున ఆరింటికి లేచేసరికి, అసలు పడుకున్నట్టే ఉండేది కాదు. మొహం ఉబ్బింది. పెళ్లినాటి గాజులు సబ్బు రాసినా మణికట్టు దాటేవి కాదు. జుట్టు దువ్వెనకి వచ్చినంత వచ్చేది. గొంతు బొంగురుపోయి, ఫోన్లో మాట్లాడితే అవతలివాళ్లు "సార్" అనేవాళ్లు. నవ్వొస్తుంది గానీ అప్పుడు ఏడుపొచ్చేది. కారణం లేకుండా కూడా వచ్చేది. ఇంట్లో మా అత్తయ్య గారు, ఆవిడ మంచావిడే, ఒక్క మాటతో తేల్చేశారు: "బద్ధకం." ఆ మాట నేనే నమ్మాను, అసలు బాధ అది. నాకు ఒళ్లు వంగడం లేదు, నాలో ఏదో లోపం వచ్చింది అనుకున్నాను.

ఒక రోజు సాయంత్రం క్యాష్ టాలీ కాలేదు. 5,000 తక్కువ. మళ్లీ లెక్కపెట్టాను, 4,500 తక్కువ. మూడోసారి 500 ఎక్కువ వచ్చింది. పదిహేనేళ్లుగా నోట్ల కట్ట వేలికి తగిలితే ఎన్నున్నాయో చెప్పగలిగే మనిషిని, మూడుసార్లకి మూడు లెక్కలు. చివరికి నిజంగా తగ్గింది 5,000. మా జేబులోంచే కట్టుకోవాలి, కట్టాను. డబ్బు పోయినందుకు కాదు, ఇంటికొచ్చి పేపరు తీస్తే అదీ చదవలేకపోయినందుకు భయమేసింది. ఒక పేరా నాలుగుసార్లు చదివాను. అక్షరాలు కనిపిస్తున్నాయి, మాటలు కనిపిస్తున్నాయి, అర్థం మాత్రం లోపలికి రావడం లేదు. తలుపు కొడుతున్నారు, లోపల ఎవరూ పలకడం లేదు. అలాంటి స్థితి.

రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ 64 వచ్చింది. నాలుగు, ఐదు దాటకూడదు. ఇక్కడో చిక్కుంది. అంకె పెద్దదిగా ఉంటే "థైరాయిడ్ ఎక్కువైంది" అనుకుంటారు. కాదు. టీఎస్‌హెచ్ థైరాయిడ్ చేసేది కాదు, మెదడు కింద పిట్యూటరీ అని ఇంకో గ్రంథి ఉంటుంది, అది పంపేది. మా బ్యాంకు భాషలో మెమో అనుకోండి. కింద క్లర్కు పని చేయకపోతే మేనేజరు మెమో ఇస్తాడు. ఇంకా చేయకపోతే మెమో మీద మెమో. 64 అంటే అన్ని మెమోలన్న మాట. క్లర్కు బద్ధకస్తురాలా అంటే, అదీ కాదు. యాంటీబాడీల పరీక్ష చేస్తే తెలిసింది, నా ఒంట్లో నన్ను కాపాడాల్సిన సైన్యమే పొరపాటుపడి ఆ గ్రంథిని శత్రువనుకుని కొడుతోంది. ఈ జబ్బు ఇలా ఉంటుందని మొదట రాసింది హషిమోటో అనే జపాన్ డాక్టరు, 1912లో. సరిగ్గా వందేళ్ల తర్వాత నాకొచ్చింది.

ఆ రిపోర్టు చూసుకుని నేను ఏడవలేదు. చాలా హాయిగా అనిపించింది. బద్ధకం కాదు! దానికో పేరుంది, అంకె ఉంది, కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చారు. ఇంటికి తీసుకెళ్లి మా అత్తయ్యకి చూపించాను. ఆవిడకి చదవడం రాదు, అయినా కళ్లజోడు పెట్టుకుని కాసేపు చూశారు.

ఇక మందు. లెవోథైరాక్సిన్. గ్రంథి చేయాల్సిన హార్మోన్‌నే బయట తయారుచేసి మాత్రలో పెట్టారు. 50తో మొదలై, 75 అయి, 100 మైక్రోగ్రాముల దగ్గర ఆగింది. వెయ్యి మైక్రోగ్రాములు కలిస్తే ఒక మిల్లీగ్రాము. క్యాషియర్ని కదా, లెక్కేశాను. రోజుకి 100 లెక్కన పన్నెండేళ్లకి నేను మింగిన అసలు మందు 438 మిల్లీగ్రాములు. అర గ్రాము కూడా లేదు. ఆ అర గ్రాము లేకపోతే నేనిక్కడ నిలబడి మాట్లాడను, ఇంట్లో మూలన దుప్పటి కప్పుకుని ఉంటాను.

మూడో రోజుకల్లా లేచి తిరుగుతాననుకున్నాను. అలా జరగదు. ఆ మందు ఒంట్లో సగానికి తగ్గడానికే దాదాపు ఏడు రోజులు పడుతుంది, నిదానంగా పేరుకుంటుంది. అందుకే ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి మళ్లీ పరీక్ష చేస్తారు. పది రోజులకోసారి టెస్ట్ చేయించుకుని టెన్షన్ పడేవాళ్లు నాకు తెలుసు. డబ్బు దండగ.

అన్నిటికంటే కష్టమైన నియమం ఇంకోటుంది. పరగడుపున మంచినీళ్లతో వేసుకోవాలి. ఆ తర్వాత అరగంట నుంచి గంట దాకా ఏమీ తీసుకోకూడదు. ముఖ్యంగా కాఫీ. కాఫీ తాగితే మందు పూర్తిగా ఒంటికి పట్టదు.

మీలో కాఫీ తాగేవాళ్లకి చెప్పక్కర్లేదు. మా ఇంట్లో ఐదుంపావుకి డికాక్షన్ దిగుతుంది. మా వారు నా కోసం కాఫీ మానలేదు, మానమని నేనూ అడగలేదు. వంటింటి తలుపు దగ్గరగా వేసుకుని తాగేవారు. ఆ తలుపు సందులోంచి వాసన వస్తుంది చూడండి! పాలు పొంగే చప్పుడు, గ్లాసులోంచి గ్లాసులోకి తిరగబోసే చప్పుడు, అన్నీ వినపడతాయి. వరండాలో కూర్చుని గడియారం వైపు చూసేదాన్ని. ఐదు ఇరవై. మళ్లీ చూస్తే ఐదు ఇరవై రెండు. గడియారం చూస్తే టైమ్ గడవదు కాబట్టి ఏదో ఒకటి చేతిలోకి తీసుకోవాలి. అప్పటికి సెల్‌ఫోన్లలో ఇప్పుడున్నంత కాలక్షేపం లేదు, అది నా అదృష్టం. చేతికందింది పుస్తకం.

అయితే చదవగలిగితే కదా. మొదటి నెలలో నవల పట్టుకుంటే పదో పేజీలో ఎవరు ఎవరికి అన్నగారో మర్చిపోయేదాన్ని. అప్పుడు ఈ లైబ్రరీకి మా వారిని పంపాను. నేను రాలేదు, అప్పట్లో ఈ మెట్లు ఎక్కితే ఆయాసం. ఆయన ఏం తెలివి ఉపయోగించారో గానీ, పిల్లల మాసపత్రికల పాత సంచికలు బైండు చేసిన బరువైన వాల్యూము ఒకటి తెచ్చారు. "ఇదేంటండీ, నాకా?" అన్నాను. "రెండు పేజీల కథలున్నాయి, నీకు రెండు పేజీలు చాలవూ ఇప్పుడు" అన్నారు. కోపమొచ్చింది. కానీ ఆయన చెప్పింది నిజం. కథ రెండు పేజీలు, పెద్ద అక్షరాలు, బొమ్మ. ఒక రాజు, ఒక రైతు, ఒక దెయ్యం. చూపుడు వేలు వాక్యం కింద పెట్టుకుని, ఒకటో తరగతి పిల్లలా చదివాను. కథ అయిపోయింది, నాకు మొత్తం గుర్తుంది! దెయ్యం ఎందుకు ఒప్పుకుందో కూడా గుర్తుంది. ఆ రోజు కాఫీ ఆరూ పదికి తాగాను, పది నిమిషాలు ఆలస్యంగా.

ఇక్కడ పక్కకెళ్లి ఒక మాట. మన పక్కనే కొల్లూరు నుంచి పెదవడ్లపూడి దాకా కాలువలో 1935లో పడవ మీద లైబ్రరీ నడిపారు పాతూరి నాగభూషణం గారు. చదువుకునేవాళ్లు పుస్తకం దగ్గరికి రాలేకపోతే పుస్తకమే వాళ్ల ఊరి రేవుకి వెళ్లింది. ఇప్పటికీ మన ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను కడుతున్నాం. కడుతున్నాం కాబట్టి అడుగుతున్నాను: ఇంట్లోంచి కదల్లేనివాళ్ల దగ్గరికి వారానికోసారి పుస్తకాలు పట్టుకెళ్లే మనిషిని పెట్టలేమా? పడవ అక్కర్లేదు, సైకిలు చాలు. చైర్మన్ గారు వింటున్నారనుకుంటా. (చప్పట్లు)

మూడు నెలలకి టీఎస్‌హెచ్ 9కి దిగింది, నేను రెండు పేజీల కథల నుంచి పది పేజీల కథలకి ఎక్కాను. ఆరు నెలలకి 3. అప్పుడు మా అమ్మ ఇనప్పెట్టె తెరిచాను.

మా అమ్మ తరం వాళ్లకి ఒక అలవాటుండేది, మీ ఇళ్లల్లోనూ ఉండే ఉంటుంది. వారపత్రికల్లో వచ్చే సీరియల్ పేజీలు వారం వారం జాగ్రత్తగా చింపి, సూదీ దారంతో కుట్టుకునేవాళ్లు. అన్నీ అయ్యాక బైండు చేయించేవాళ్లు. పుస్తకం కొనే స్థోమత లేదు, పుస్తకాన్ని తయారుచేసుకున్నారు. ఆ పెట్టెలో అలాంటివి పదకొండు ఉన్నాయి. సీరియల్ పేజీకి వెనకవైపు ఏముంటే అది కూడా వచ్చేస్తుంది కదా: సగం వంటకం, తలనూనె ప్రకటన, "ఈ వారం మీ రాశి" లో మకరం నుంచి మీనం వరకు. ఒక చోట పసుపు మరక. ఒక చోట మార్జిన్‌లో మా అమ్మ పెన్సిల్‌తో రాసింది: "పాలు 2 లీ., బాకీ." కథలో నాయిక రైలెక్కుతోంది, పక్కన మా అమ్మ పాలవాడికి బాకీ ఉంది. వీటిలో ఏది ఎక్కువసేపు చదివానో మీరు ఊహించగలరు.

గ్రంథి అంటే ముడి. తాటాకులకి బెజ్జం పెట్టి తాడు దూర్చి ముడేస్తారు, అందుకే గ్రంథం. మా అమ్మ దారంతో కుట్టింది కూడా అక్షరాలా గ్రంథమే. నా మెడలో ఉన్నది గ్రంథి. ఈ రెండు మాటలూ ఒకే తల్లి పిల్లలని ఒక రోజు ఆ కాఫీ లేని గంటలో నిఘంటువు తిరగేస్తుంటే కనపడింది. ఎవరికైనా చెప్పాలనిపించి వంటింట్లోకి వెళ్లి మా వారికి చెప్పాను. "బాగుంది, ఇంకా ఐదు నిమిషాలుంది" అన్నారాయన. (నవ్వులు)

మరి పుస్తకం జబ్బు తగ్గిస్తుందా? తగ్గించదు. ఈ మాట గట్టిగా చెప్పడానికే వచ్చాను, ఎందుకంటే పుస్తకాల సభల్లో అతిగా పొగుడుతాం. టీఎస్‌హెచ్‌ని దించేది మాత్రే. ఆ మాట నాకు అనుభవం మీద తెలుసు. 2015లో ఒకాయన ఏదో మూలికల పొడి ఇచ్చి, మాత్రలు ఆపేయమంటే ఆపాను. నాలుగు నెలలకి మళ్లీ దుప్పటి, మళ్లీ మొహం వాపు, మళ్లీ పేరా నాలుగుసార్లు. వివరాల్లోకి వెళ్లను, సిగ్గుగా ఉంటుంది.

పుస్తకం వల్ల నాకు ఇంకో రకం మేలు జరిగింది. నేను గుర్తుకోసం పేజీల మధ్య ఆర్టీసీ టికెట్టు పెడతాను. గుంటూరు నుంచి తెనాలి టికెట్టు, పాతది. మామూలుగా వారానికి ఓ అంగుళం మందం ముందుకు జరుగుతుంది. నాలుగేళ్ల కిందట ఒక నవల్లో ఆ టికెట్టు మూడు వారాలు ఉన్నచోటే ఉంది. పుస్తకం బాగాలేదేమో అనుకుని వేరేది తీశాను. అందులోనూ కదల్లేదు. అప్పుడు అనుమానమొచ్చి టెస్ట్ చేయించుకుంటే టీఎస్‌హెచ్ 11. ఏమైందా అని చూస్తే, మోకాళ్ల నొప్పులకి కాల్షియం మాత్రలు కొత్తగా రాశారు, నేను రెండూ కలిపి ఒకేసారి గుటుక్కుమనిపిస్తున్నాను, పొద్దున్నే పని అయిపోతుంది కదా అని. కాల్షియం, ఐరన్ మాత్రలు దీనికి నాలుగు గంటలు ఎడంగా వేసుకోవాలి. లేకపోతే ఈ మందుని ఒంటికి పట్టనివ్వవు. కాల్షియం మధ్యాహ్నానికి మార్చాను, టికెట్టు కదిలింది. టికెట్టు చూసి డోసు మార్చుకోమని నేను చెప్పడం లేదు, అది డాక్టరు పని. కానీ ఒంట్లో తేడా వచ్చిందని నా కంటే ముందు ఆ టికెట్టుకి తెలిసింది.

చదవడం అలవాటయ్యాక ఈ జబ్బు గురించే చదివాను. ఇంగ్లండులో న్యూకాజిల్ అనే ఊళ్లో 1891లో జార్జ్ ముర్రే అనే కుర్ర డాక్టరు, 46 ఏళ్ల ఆవిడకి, అచ్చం నా లక్షణాలే, గొర్రె థైరాయిడ్ రసం తీసి ఇంజెక్షన్ ఇచ్చాడు. అంతవరకూ దీనికి మందే లేదు. ఆవిడ లేచి తిరిగింది. 1919లో 74వ ఏట పోయింది. ఆ 28 ఏళ్లలో ఆవిడకి ఖర్చయిన గొర్రె గ్రంథులు 870 పైచిలుకు. నేను శాకాహారిని, నా సీసాలో గొర్రెలు లేవు, 1927లోనే దీన్ని ప్రయోగశాలలో తయారుచేయడం నేర్చుకున్నారు. అయినా అప్పుడప్పుడు మూత తిప్పుతూ ఆవిడని తలుచుకుంటాను. ఆవిడ కూడా పొద్దున్నే టీ కోసం ఎదురుచూసేదేమో.

మనవాడి గురించీ చెప్పాలి. వులిమిరి రామలింగస్వామి గారు. 1921లో శ్రీకాకుళంలో పుట్టి, విశాఖపట్నంలో డాక్టరీ చదివారు. హిమాచల్ వైపు కాంగ్రా లోయలో మెడ ముందు గడ్డలతో ఊళ్లకి ఊళ్లే ఉండేవి. అక్కడి మట్టిలో, నీళ్లలో అయోడిన్ లేక. 1956 నుంచి ఆయనా, తోటివాళ్లూ అక్కడ కొన్ని చోట్ల అయోడిన్ కలిపిన ఉప్పు ఇచ్చి, కొన్ని చోట్ల మామూలు ఉప్పు ఇచ్చి ఏళ్ల తరబడి చూశారు. అయోడిన్ ఉప్పు తిన్న చోట గడ్డలు తగ్గాయి. 1962లో దేశమంతటికీ గాయిటర్ నివారణ కార్యక్రమం మొదలైంది. ఇవాళ మన వంటింట్లో ఉప్పు ప్యాకెట్ మీద అయోడిన్ అని ఉందంటే అందులో మన శ్రీకాకుళం ఆయన చేయి ఉంది. ఇప్పుడేమో ఫ్యాషన్‌గా అది మానేసి సైంధవ లవణం, రాళ్ల ఉప్పు అంటున్నారు. రుచి మీ ఇష్టం, అయోడిన్ ఉందో లేదో మాత్రం ప్యాకెట్ చూసి కొనండి. అలాగని నాలాంటి యాంటీబాడీల రకానికి ఉప్పు ఎక్కువ తింటే నయమవదు. బీపీ వస్తుంది. క్యాబేజీ తినొచ్చా అని ప్రతి ఒక్కరూ అడుగుతారు. ఉడికించి, మామూలుగా కూరకి తిన్నంత తినొచ్చు. నేను తింటాను, పెసరపప్పు వేసి.

మా అత్తయ్య సంగతి వదిలేశాను. ఆవిడకి చివరి మూడేళ్లు కళ్లు కనిపించలేదు. పొద్దున ఐదున్నరకి ఆవిడా లేచేసేది, వరండాలోకి వచ్చి నా పక్కన కూర్చునేది. "ఏదోటి పైకి చదవరాదూ, నీలో నువ్వే నవ్వుకుంటావేం" అంది ఓ రోజు. గొంతు అప్పటికి బొంగురు తగ్గింది గానీ పూర్తిగా మునుపటిలా రాలేదు, ఇప్పటికీ వింటున్నారుగా. మా అమ్మ కుట్టిన సీరియల్ పైకి చదివాను, మొదటి వారం నుంచి. ఎక్కడైనా నేను ఆగితే, "ఊఁ, తర్వాత?" అనేది. మాత్ర సీసా చప్పుడు వినపడకపోతే, "వేసుకున్నావా?" అని అడిగేది. బద్ధకం అన్న మాట మళ్లీ ఎప్పుడూ మా ఇద్దరి మధ్యా రాలేదు. క్షమాపణలు ఏమీ జరగలేదు, మా ఇళ్లల్లో అలా జరగవు.

ఆ సీరియల్ పూర్తికాకుండానే ఆవిడ పోయారు. నిజానికి పూర్తి చేయడం నా వల్లా కాలేదు. మా అమ్మ కుట్టినదాంట్లో ఆఖరి మూడు వారాలు లేవు. ఆ నెలల్లోనే మా తమ్ముడు పుట్టాడు, పత్రిక తెప్పించి ఉండరు. ఆ సీరియల్ 1974 చివర్లో వచ్చింది. నాయిక పిన్నిగారింట్లో ఉత్తరం చదువుతూ ఉంటుంది, అక్కడ ఆగిపోయింది.

లైబ్రేరియన్ గారు గడియారం వైపు చూస్తున్నారు, ఆపేస్తాను. ఇక్కడున్న పెద్దవాళ్లలో ఎవరింట్లోనైనా, అటకమీద, పాత ఇనప్పెట్టెల్లో అలా కుట్టిన సీరియళ్లు ఉంటే మీటింగ్ అయ్యాక వచ్చి నాతో చెప్పండి. సీరియల్ పేరు మైకులో మాత్రం చెప్పను. చెబితే ఎవరో ఒకరు లేచి ఆ ఉత్తరంలో ఏముందో చెప్పేస్తారు.